నిదానంగారి టర్బో బండి

ఆ మంగళవారం ఉదయం నిదానంగారు మూడు పనులు పెట్టుకున్నారు. తొమ్మిదింటికల్లా కంపెనీ వ్యానును మెకానిక్ షెడ్డులో వదలాలి. పదిన్నరకు షోరూముకు వెళ్ళి కారు ఆర్డరు ఇవ్వాలి. మధ్యాహ్నం భోజనానికి ఏమీ ఎరగనట్టు ఇంటికి రావాలి. ఈ మూడింటిలో మూడోదే కష్టమని ఆయనకు ముందే తెలుసు. అందుకే భార్యతో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని చెప్పి బయల్దేరారు.

ఆయన అసలు పేరు గుర్తింపు కార్డులో తప్ప ఎక్కడా వినబడదు. అంత్యక్రియల ఏర్పాట్లు చూసే ఒక కంపెనీలో ఇరవైనాలుగేళ్ళుగా శవవాహనం నడుపుతున్నారు. వెనక జనం నడిచి వస్తుంటే గంటకు ఐదు కిలోమీటర్లు, కార్లలో వస్తుంటే పదిహేను. గతుకు వస్తే అదీ లేదు. ఇన్నేళ్ళలో ఆయన బండిలో పెట్టె ఒక్క అంగుళం జరగలేదు. తోటివాళ్ళు అందుకే ఆయనకు నిదానం అని పేరు పెట్టారు. యజమాని దానికి గారు తగిలించాడు. సైకిళ్ళు ఆయన్ని దాటిపోవడం మామూలే. ఒకసారి తోపుడుబండి మీద ఉల్లిపాయలు అమ్ముకునే మనిషి కూడా వెనక నుంచి "కాస్త పక్కకి తీస్తారా" అని అడిగి దాటిపోయాడు.

పోయిన నెల ఆయన తీసుకెళ్ళిన పెట్టెలో ఉన్నది చిన్నప్పుడు తనతో చదువుకున్నవాడు. బడిలో పరుగుపందేలన్నిటిలో ముందొచ్చేవాడు. అతన్ని కూడా పదిహేను కిలోమీటర్ల వేగంతోనే చేర్చి, ఖాళీ వ్యానుతో తిరిగి వస్తూ నిదానంగారు స్పీడు మీటరు వంక చూశారు. అందులో నూట అరవై దాకా అంకెలున్నాయి. ఇరవై తర్వాత ఉన్నవన్నీ ఆయనకు చుట్టపుచూపుగా కూడా తెలియవు. ఆ వారమే పేపర్లో ఒక కారు బొమ్మ చూశారు. నాలుగు తలుపులు, నేలకు వంగిన మూతి, టర్బో ఇంజను. దాచుకున్నదంతా పెడితే వస్తుంది. ఇంట్లో చెబితే భార్య "ఎందుకండీ" అని అడుగుతుంది. ఆ ఒక్క మాటకూ ఆయన దగ్గర జవాబు లేదు.

షెడ్డులో మెకానిక్ అప్పటికే ఇంకో బండి కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనబడుతున్నాయి. నిదానంగారు వ్యాను తాళాలు అక్కడ పెట్టి, ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఉండలేక, ఆ కాళ్ళకే తన కారు సంగతి చెప్పారు.

"టర్బోనా?" అన్నాయి కాళ్ళు.

"అవును."

"ఆయిలు సంగతి కనుక్కున్నారా?"

"ఏ ఆయిలు?"

మెకానిక్ వెల్లకిలా జరుగుతూ బయటికి వచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. చెడ్డ కబురు చెప్పే డాక్టరు ముఖం పెట్టాడు. "టర్బో అంటే ఏంటనుకున్నారు? పొగ పోయే దారిలో ఒక చిన్న చక్రం. నిమిషానికి లక్షసార్లు తిరుగుతుంది. దాన్ని కాపాడేది ఒక్క ఇంజనాయిలే. ఆ ఆయిలు తొంభై డిగ్రీలుంటే పర్లేదు. నూట పది వచ్చిందంటే జాగ్రత్త పడాలి. నూట ముప్పై దాటిందనుకోండి, నీళ్ళలా పల్చబడిపోతుంది. ఇక అంతే."

"అంతే అంటే?"

"అంతే అంటే అంతే. అది మీకు నేను చెప్పాలా?"

నిదానంగారు జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నారు. "90 – ఫరవాలేదు. 110 – జాగ్రత్త. 130 – ఇక అంతే." పైన శీర్షిక ఏమీ పెట్టలేదు. దేని గురించో తనకు తెలుసు కదా అనుకున్నారు.

"పైగా మీ కాలు నాకు తెలుసు," అన్నాడు మెకానిక్. "మెల్లగా పోతారు. మెల్లగా పోతే గాలి తగలదు. గాలి తగలకపోతే చల్లబడేదెలా? ఆర్డరు పెట్టకముందే ఈ సంగతి కాగితం మీద రాయించుకోండి."

షోరూములో అద్దాలూ నేలా ఒకేలా మెరుస్తున్నాయి. ఆయనకు ఎదురొచ్చిన సేల్స్ అమ్మాయి ఉద్యోగంలో చేరి మూడు వారాలైంది. రంగు గురించి అడిగితే ఏం చెప్పాలో, మైలేజీ గురించి అడిగితే ఏం చెప్పాలో ఆమెకు నేర్పారు. ఆయిలు ఎంత వేడెక్కుతుందని అడిగితే ఏం చెప్పాలో నేర్పలేదు. ఆమె లోపలికి వెళ్ళి వెతికి, నాలుగు పేజీల ఫారం ఒకటి పట్టుకొచ్చింది. దాన్ని నింపి పంపితే ఏ సందేహానికైనా ఫ్యాక్టరీ ఇంజనీర్లే జవాబు రాస్తారట.

నిదానంగారు ఒక నిర్ణయానికి వచ్చారు. బండి పడగలిగే కష్టాల్లోకెల్లా పెద్ద కష్టమేదో అదే చెప్పాలి. దాన్ని తట్టుకునే ఇంజను మిగతా రోజుల్లో ఢోకా లేకుండా నడుస్తుంది. ఆయనకు తెలిసిన కష్టం మాత్రం ఒక్కటే.

"మామూలుగా ఎంత స్పీడులో నడుపుతారు సార్?"

"ఐదు. ఒక్కోసారి పదిహేను."

"నూట ఐదా సార్?"

"ఉత్త ఐదే."

అమ్మాయి రాసుకుంది. "అలా ఎంతసేపు?"

"గంటన్నర. మధ్యలో ఆగినా ఇంజను ఆపను. మళ్ళీ స్టార్టవకపోతే బాగుండదు. అందరూ చూస్తుంటారు."

"వెనక ఎంతమంది కూర్చుంటారు?"

"కూర్చోరు. ఒక్కరే ఉంటారు. పడుకుని."

"నిద్రపోతారా సార్?"

"అలాగే అనుకోండి."

"ఏసీ?"

"ఫుల్లుగా ఉండాలి. ఎండాకాలమైతే మరీను."

వృత్తి దగ్గరికి వచ్చేసరికి ఆయన కాస్త ఆగారు. కొత్తవాళ్ళతో ఎప్పుడూ రవాణా అని చెప్పి ఊరుకుంటారు. అసలు సంగతి తెలిస్తే మనుషులు ఒక అడుగు వెనక్కి వేయడం ఆయన చాలాసార్లు చూశారు. కానీ ఈ అమ్మాయి శ్రద్ధగా, గుండ్రటి అక్షరాలతో రాస్తోంది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఉన్నది చెప్పారు. ఆమె పెన్ను ఒక క్షణం ఆగింది. ఇందాక ఆయనతో కలిపిన చేతిని ఒకసారి చూసుకుని, మళ్ళీ రాసింది.

"మీకు ఏం కావాలో అర్థమైంది సార్," అంది గొంతు తగ్గించి.

"ఆయిలు ఒక్కటి చూస్తే చాలమ్మా. మిగతాదంతా నాకు నచ్చింది."

"రంగు?"

"నలుపు."

అమ్మాయి అర్థమైనట్టు తలాడించింది. చిరునామా దగ్గర ఆయన కంపెనీ ఆఫీసుది ఇచ్చారు, ఉత్తరాలు భార్య కంట పడకుండా. రెండో ఫోను నంబరు తప్పనిసరి అనేసరికి మాత్రం ఏం చేయాలో తోచక భార్యదే ఇచ్చారు. డ్యూటీలో ఉన్నంతసేపు తన ఫోను ఆపేసి ఉంటుంది. ఎలాగూ ఆ నంబరుకు ఎవరు చేస్తారులే అనుకున్నారు.

పది రోజులకు ఫ్యాక్టరీ జవాబు షోరూముకు వచ్చింది. నిదానంగారు కళ్ళజోడు పెట్టుకుని, మూడు పేజీల్లో ఆయిలు అన్న మాట ఎక్కడుందో వెతుక్కున్నారు. అంత తక్కువ వేగంలో ఆయిలు మరీ వేడెక్కడం జరగదనీ, నిజానికి సరిపడినంత వేడెక్కకపోవడమే ఇబ్బంది కావచ్చనీ, వేడెక్కకుండా ఇంజనును ఉరికించకూడదనీ, అయినా కొనుగోలుదారు మనశ్శాంతి కోసం అదనంగా ఆయిల్ కూలరు బిగిస్తామనీ ఉంది. కూలరు వాక్యాన్ని ఆయన మూడుసార్లు చదివారు. దాని కింద, వాడకానికి తగిన మిగతా మార్పులు ప్రత్యేక అవసరాల విభాగం చేస్తుందని ఉంది. కూలరుకు గొట్టాలు వేస్తారు కాబోలు అనుకున్నారు.

"వెనక పేజీలు కూడా ఒకసారి చదవండి సార్," అంది అమ్మాయి.

"ఆయిలు గురించి ఉందా వాటిల్లో?"

"లేదు సార్."

"అయితే వద్దులేమ్మా."

ఆరు చోట్ల సంతకాలు పెట్టి, ఆ సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్ళారు. ఈల విని భార్య తలెత్తి చూసింది. ఆ ఇంట్లో ఈల వినబడి చాలా ఏళ్ళయింది.

నిదానంగారి భార్య దర్జీ పని చేస్తుంది. ముందు గదిలో కిటికీ పక్కన మిషను, గోడకు ఆనించిన బల్ల, దాని మీద ఎవరెవరివో ప్యాంట్లు, చీటీలు కుట్టిన జాకెట్లు. వారం తర్వాత ఒక ఉదయం ఆమె పాదాలు మిషను మీద, పళ్ళ మధ్య రెండు గుండుసూదులు ఉండగా ఫోను మోగింది.

"షోరూము నుంచండీ. సార్ ఫోను కలవట్లేదు. వెనకాల పడుకోబెట్టే బల్ల కొలత కావాలంట ఫ్యాక్టరీవాళ్ళకి. పొడవెంత ఉండాలో చెప్తారా?"

ఆమె గుండుసూదులు తీసి చేతిలో పెట్టుకుంది. "ఏం బల్ల?"

"అంతిమయాత్ర బండి ఆర్డరిచ్చారు కదండీ సార్. ఆయన పేరు మీదే. మీకు చెప్పలేదా?"

"ఆయన పేరు మీదా?"

"అవునండీ. నలుపు రంగు. ఏసీ బాగా ఉండాలన్నారు. మెల్లగా తీసుకెళ్ళాలన్నారు."

మిషను ఆగిపోయింది. ఒక మనిషి కొలత అడిగితే చెప్పడం ఆమెకు ముప్పై ఏళ్ళ అలవాటు. ఏం అడిగారో బుర్రకు ఎక్కకముందే నోరు చెప్పేసింది. "ఐదడుగుల తొమ్మిదంగుళాలు."

"కాస్త ఎక్కువే ఉంచమంటాను లెండి, ఇరుకు కాకుండా," అంది ఆ అమ్మాయి ఆప్యాయంగా.

ఫోను పెట్టేశాక ఆమె చాలాసేపు కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, బొత్తాం ఊడిందని పక్కన పెట్టిన ఆయన చొక్కా తీసింది. జేబులో నోటుబుక్కు ఉంది. తొంభై ఫరవాలేదు. నూట పది జాగ్రత్త. నూట ముప్పై, ఇక అంతే.

ఆమె అన్న మందుల షాపు నడుపుతాడు. మధ్యాహ్నం షాపు మూసి వచ్చాడు. నోటుబుక్కు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బీపీ అయితే నూట ముప్పైకి ఎవరూ పోరమ్మా. నాకే నూట నలభై ఉంటుంది."

"మరి షుగరేమో అన్నయ్యా."

"షుగరైతే నూట ముప్పై మంచిదే."

"మరి ఆయనెందుకు ఇక అంతే అని రాసుకున్నారు?"

అన్న ఆలోచించాడు. ముప్పై ఏళ్ళ అనుభవంలో తనకు తెలియని అంకె ఎదురవడం ఆయన్ని బాగా కలతపెట్టింది. "అయితే మనకి తెలియనిదేదో అయ్యుంటుంది," అన్నాడు చివరికి. "కొత్తరకం."

"కళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పి వెళ్ళారు. కళ్ళజోడు మారలేదు. ఇంకే డాక్టరు దగ్గరికి వెళ్ళారో." ఆమె చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంకొకళ్ళు నడిపితే బండి కుదుపుతుందని, తనకి తనే మంచి బండి చూసుకున్నారు. ఆయన పద్ధతే అంత."

అప్పటి నుంచి ఇంట్లో నిదానంగారికి జరుగుబాటు మారిపోయింది. రోజూ ఆయనకిష్టమైనదే వండేవారు. ఆయన మాట్లాడుతుంటే ఎవరూ మధ్యలో అడ్డొచ్చేవారు కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం భార్య దాచిపెట్టిన మంచి నల్లగుడ్డ తీసి, సూటు కుడతానని కొలతలు తీసుకుంది. భుజాలు, నడుము అయ్యాక, ఆయన్ని గోడకు ఆనించి తల మీద నుంచి మడమ దాకా కూడా కొలిచింది. సూటుకు అదెందుకో ఆయనకు అర్థం కాలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి, కారు సంగతి తెలిసిపోయి, సంతోషంతో ఏడుస్తోందని అనుకున్నారు.

"మీరు చేసుకున్న ఏర్పాటు నాకు తెలిసిందండీ," అంది ఆమె టేపు చుట్టుకుంటూ.

"తెలిసిందా? కోపం రాలేదా?"

"కోపమెందుకు. నాకు చెప్పకుండా ఒక్కరే వెళ్ళాలనుకున్నారు చూడండి, అదొక్కటే బాధ."

నిదానంగారి మనసు కరిగిపోయింది. "ఒక్కణ్ణే ఎందుకు? నువ్వూ రా. ఇద్దరం కలిసే వెళ్దాం."

ఆమె బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆయన వీపు నిమురుతూ, "ఇన్నేళ్ళు మెల్లగా బతికాను. ఇకనైనా తొందరగా వెళ్ళాలని ఉంది," అన్నారు. ఆమె ఏడుపు ఇంకా ఎక్కువైంది. ఇంత సంతోషం తట్టుకోలేకపోతోంది పాపం అనుకున్నారాయన.

ఇంతలో ఫ్యాక్టరీ నుంచి ఆఫీసుకు ఉత్తరం వచ్చింది. దాన్ని యజమాని విప్పాడు. ఆ యజమానిది తండ్రి నుంచి వచ్చిన కంపెనీ, తండ్రి నుంచి వచ్చిన గొంతు. టీ తెమ్మని చెప్పినా ఎదుటివాళ్ళు లేచి నిలబడి మౌనం పాటించాలనిపిస్తుంది. గదిలో మూడు రకాల పెట్టెల నమూనాలు, ప్లాస్టిక్ పూలు, శబ్దం రాని గడియారం ఉంటాయి. నిదానంగారి పేరు మీద అంతిమయాత్ర వాహనం తయారవుతోందని చదివి ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నాడు. అసలే కంపెనీ వ్యాను ముసలిదైంది. కొత్త బండితో పోటీకి దిగుతున్నది ఊళ్ళోకెల్లా పేరున్న డ్రైవరు. ఉత్తరాన్ని సొరుగులో పెట్టి తాళం వేసి, నిదానంగారిని పిలిపించాడు.

"మీ ఉత్తరం చూశాను. బండి తయారవుతోందట."

నిదానంగారు తల వంచుకున్నారు. "మీకు ముందే చెప్పాల్సింది సార్. మీరు వద్దంటారేమోనని."

"మా నాన్నగారు మీకీ పని నేర్పారు."

"అవును సార్. ఆయన్ని తీసుకెళ్ళింది కూడా నేనే."

యజమాని ప్లాస్టిక్ పూలు సర్దాడు.

"మన వ్యానులో ఏం తక్కువైందని?" అన్నాడు యజమాని.

"స్పీడు సార్. ఇది గంటకి రెండొందలు దాటుతుందట."

యజమాని కళ్ళ ముందు గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో ఒక పెట్టె వీధి మలుపు తిరిగింది. "జనం ఒప్పుకుంటారా అలా వెళ్తే?"

"జనంతో నాకేం పని సార్. ఇన్నాళ్ళూ వాళ్ళ కోసమే నడిపాను."

"అంటే నన్నూ, జనాన్నీ, అందర్నీ వదిలేసినట్టే."

"వదిలేయడమేంటి సార్. ఆదివారాలు మాత్రమే తీస్తాను."

ఆ కంపెనీకి వారంలో ఎక్కువ పనుండేది ఆదివారమే. యజమాని వ్యాను తాళాలు బల్ల మీద పెట్టమన్నాడు. సోమవారం నుంచి కొత్త డ్రైవరు వస్తాడని, అదే గొంతుతో, ఆయనకే సంతాపం చెబుతున్నట్టు చెప్పాడు. ఒక డ్రైవరు మంచి కారు కొనుక్కుంటే యజమానికి ఇంత కష్టమనిపిస్తుందని నిదానంగారు ఎప్పుడూ అనుకోలేదు. తాళాలు పెట్టేసి, బయటికి వచ్చి, బస్టాపులో చాలాసేపు నిలబడ్డారు. రెండు బస్సులు వెళ్ళిపోయాయి.

ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పలేక, ఒంట్లో నలతగా ఉందని పడుకున్నారు. భార్య వచ్చి దుప్పటి సరిచేసి, పక్క గదిలోకి వెళ్ళి అన్నకు ఫోను చేసింది. మందుల షాపు బావగారు రోజూ సాయంత్రం వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుని, "మనసులో ఏదున్నా చెప్పుకోండి బావగారూ," అనేవాడు. నిదానంగారికి చెప్పుకోవాలనే ఉంది. ఉద్యోగం పోయిన సంగతి చెబితే, ఇంత ప్రేమగా చూసుకుంటున్నవాళ్ళ మనసు కష్టపెట్టినట్టవుతుందని చెప్పలేదు. జీతం లేనివాడికి టర్బో కారేమిటని లోలోపలే కుమిలి, ఒకరోజు షోరూముకు ఫోను చేశారు. భార్య తలుపు అవతల నిలబడి ఇవతలి మాటలు మాత్రం విన్నది.

"ఇక ఆపడం కుదరదంటావా అమ్మా? ... ఎవరు చెప్పినా కుదరదా? ... గురువారమా? ఈ గురువారమేనా? ... సరే. రాసిపెట్టి ఉన్నది ఎవరు తప్పిస్తారు."

రాసిపెట్టి ఉన్నదన్నది ఆయన ఆరు సంతకాల సంగతి. భార్య మాత్రం తలుపు పట్టుకుని అలాగే కూలబడింది.

గురువారం ఉదయం చినుకులు పడుతున్నాయి. బావగారు షాపు తెరవకుండా వచ్చాడు. నిదానంగారు కొత్త నల్లసూటు వేసుకుని తల దువ్వుకున్నారు. ఏదైతేనేం, ఆ కారును ఒకసారి కళ్ళారా చూడాలని ఉంది. "మీరూ రండి," అన్నారు. ట్యాక్సీలో ముగ్గురూ వెళ్ళారు. ఎర్రదీపం పడ్డచోటల్లా భార్య ఊపిరి పీల్చుకుంది.

షోరూములో ఒక మూల, నల్లకోటు వేసుకుని, చేతులు ముందుకు కట్టుకుని కంపెనీ యజమాని నిలబడి ఉన్నాడు. తనకు పోటీ వచ్చే బండి ఎలాంటిదో చూసుకుందామని వచ్చాడాయన. నిదానంగారి భార్య ఆయన్ని చూడగానే అన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఈయన్ని కూడా ముందే పిలిపించుకున్నారు అన్నయ్యా," అంది.

సేల్స్ అమ్మాయి వచ్చి కారు మీది గుడ్డ లాగింది. ముందు నుంచి చూస్తే అచ్చం పేపర్లో బొమ్మే. నేలకు వంగిన మూతి, సన్నటి కళ్ళలాంటి దీపాలు. నిదానంగారు ఒక చెయ్యి దాని మీద ఆనించి మెల్లగా పక్కకు నడిచారు. ముందు తలుపు దాకా అంతా బాగానే ఉంది. ఆ తర్వాత నుంచి అద్దమే. వెనక సీటు ఉండాల్సిన చోట పొడవాటి బల్ల, దానికి స్టీలు పట్టాలు, పెట్టె జారడానికి రోలర్లు, రెండు పక్కలా పూలగుత్తులు గుచ్చడానికి గొట్టాలు.

"ఆయిల్ కూలరు ముందు వైపు ఉంది సార్," అంది అమ్మాయి.

కళ్ళు తుడుచుకుంటూ ముందుగా మాట్లాడింది భార్యే. "సరిపోతుందో లేదో చూసుకోండి."

"నాకెందుకు సరిపోవాలి?" అన్నారు నిదానంగారు.

తర్వాత పావుగంటలో అన్నీ బయటపడ్డాయి. అమ్మాయి ఫారం తెచ్చి చూపించింది. గుండ్రటి అక్షరాల్లో ఆయన చెప్పినవే, ఒక్క మాట కూడా పొల్లుపోకుండా ఉన్నాయి. యజమాని కోటు జేబులోంచి ఉత్తరం వచ్చింది. భార్య చేతిసంచిలోంచి నోటుబుక్కు వచ్చింది.

"అంటే మీకే జబ్బూ లేదా?" అంది ఆమె.

"లేదు."

"మరి నూట ముప్పై?"

"అది ఆయిలుకి."

"ఆయిలుకి," అంది ఆమె. ముఖంలోకి ప్రాణం వచ్చింది. ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు అది అలాగే ఉంది. తర్వాత రెండు నెలల పాటు తాను ఇంజనాయిలు కోసం ఏడ్చిన సంగతి గుర్తొచ్చినట్టుంది. ఆయన సూటు వంక చూసి, "ఆ గుడ్డ పాడుచేశాను," అని అన్నతో కలిసి ట్యాక్సీ ఎక్కేసింది. నూట ముప్పై తనకు తెలియని జబ్బు కాదని తెలిసి బావగారు మాత్రం తేలికపడ్డాడు.

ప్రత్యేకంగా చేయించిన బండిని ఫ్యాక్టరీ వెనక్కి తీసుకోదు. వెనక బల్ల ఉన్న బండిని సొంత కారుగా నమోదు చేయడం కుదరదు. నిదానంగారు షోరూము నేల మీద తన నీడనే చూసుకుంటూ నిలబడ్డారు. ఇంతలో వెనక నుంచి మెత్తగా గరగరమని చప్పుడైంది. యజమాని అద్దం తలుపు తెరిచి రోలర్ల మీద అరచెయ్యి జారిస్తున్నాడు.

"మన వ్యానులో ఇవి పట్టేశాయి," అన్నాడు ఆయన, ఎవరినీ ఉద్దేశించకుండా. "ఇవి బాగున్నాయి."

ఆ వారంలోనే కంపెనీ ఆ బండిని తీసుకుంది. దాంతో పాటు డ్రైవరును కూడా. అలా నిదానంగారికి తాను కోరుకున్న కారును రోజూ నడిపే యోగం పట్టింది, గంటకు ఐదు కిలోమీటర్ల చొప్పున. ఇంజను కట్టేసిన జంతువులా లోపల్లోపల గుర్రుమంటూ ఉండేది. ఆయిలు వేడి చూపే ముల్లు అడుగు నుంచి పైకి లేవనే లేదు. ఇంట్లో వంట మళ్ళీ ఎవరికి ఏది తోస్తే అదే అయింది. మాట్లాడితే మధ్యలో అడ్డు రావడం కూడా మళ్ళీ మొదలైంది. అన్నిటికన్నా ఆయన్ని బాధపెట్టింది సూటు. అది ఇప్పుడు డ్యూటీ బట్ట అయిపోయింది.

మూడో వారంలో ఒక పెద్దాయన్ని తీసుకెళ్ళాల్సి వచ్చింది. దహనవాటికలో పదకొండు గంటలకు సమయం ఇచ్చారు. అది తప్పితే మర్నాడే. ఎవరు ఏ కార్లో కూర్చోవాలన్న దగ్గర కొడుకులు మాటా మాటా అనుకోవడంతో బయల్దేరేసరికి పదిన్నర దాటింది. దారి పదహారు కిలోమీటర్లు. ముందు సీట్లో పెద్దాయన కూతురు కూర్చుంది. వీధి చివరికి వచ్చేసరికి ఆమె గడియారం చూసుకుంది.

"కొంచెం తొందరగా వెళ్ళగలరా?" అంది.

ఇరవైనాలుగేళ్ళలో తన పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు ఎవరూ ఆ మాట అడగలేదు. నిదానంగారు ముల్లు వంక చూశారు. "ఐదు నిమిషాలు ఓపిక పట్టాలమ్మా. ఆయిలు వేడెక్కాలి."

ఆమె ఎందుకని అడగలేదు. ఇద్దరూ ముల్లునే చూస్తూ కూర్చున్నారు. బైపాసు ఎక్కేసరికి అది తొంభై మీద నిలబడింది. రోడ్డు ఖాళీగా ఉంది. పక్కన వేగపరిమితి వంద అని బోర్డు ఉంది. నిదానంగారు యాక్సిలరేటరు నొక్కారు. కట్టేసిన జంతువు తాడు తెంచుకున్నట్టు బండి ముందుకు దూకింది. వెనక వస్తున్న చుట్టాల కార్లు అద్దంలో చిన్నవై, చుక్కలై, కనబడకుండా పోయాయి. పెట్టె మాత్రం అంగుళం జరగలేదు. కూతురు తలుపు పిడి పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో, ఏడుస్తోందో ఆ వేగంలో తల తిప్పి చూడడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

"నాన్న ఎప్పుడూ నలభై దాటనిచ్చేవాడు కాదు," అంది ఆమె కాసేపటికి.

పదకొండుకు ఆరు నిమిషాలు ఉండగా చేరారు. చుట్టాలు వచ్చేసరికి పదకొండుంపావు అయింది, అందరూ కోపంగా ఉన్నారు. ఆ సాయంత్రం యజమాని పిలిపించినప్పుడు నిదానంగారు అడక్కుండానే తాళాలు తీసి బల్ల మీద పెట్టారు. యజమాని వాటి వంక చూసి, మెల్లగా ఆయన వైపే తోశాడు. అప్పటికే ఫోను మోగుతోంది. మర్నాడూ మోగింది. వారం తిరిగేసరికి పాత వ్యాను షెడ్డులోనే ఉండిపోయింది. అందరూ ఆ తొందరగా వెళ్ళే బండే కావాలంటున్నారు. వచ్చే ఆదివారానికి ఎవరెవరు అడిగారో చూద్దామని నిదానంగారు బుకింగు రిజిస్టరు తిరగేశారు. అడిగినవాడు చనిపోయినవాళ్ళకు ఏమవుతాడో రాసే గడి ఒకటుంటుంది అందులో.

ఎక్కువమంది అల్లుళ్ళే.